కాజీపేటలో పెరిగినవాడికి రాక్ ఎలా అబ్బింది: ఒక గిటారిస్టు జవాబు

ప్రశ్న: "హనుమకొండలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిన్నరగా వీడియోలు చూసి ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంటున్నాను. రాక్ అంటే ప్రాణం. ఇంట్లోవాళ్లు, ఫ్రెండ్స్ మాత్రం 'అది మన సంగీతం కాదు' అంటారు. మీరు మొదట్లో ఏం విన్నారు? ఎలా మొదలుపెట్టారు? హైదరాబాద్ వెళ్లకుండా ఇక్కడుండి అవుతుందా? నేను కట్టిన రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్క) ఒకటి పంపుతున్నా, విని చెప్పండి."

తమ్ముడూ, నీ రిఫ్ నాలుగుసార్లు విన్నాను. దాని సంగతి చివర్లో చెప్తాను. అంతకుముందు చెప్పాల్సింది చాలా ఉంది.

"మీ మీద ఎవరి ప్రభావం ఉంది?" అని ఎవరైనా అడిగితే చాలా ఏళ్లపాటు నేను నాలుగు ఇంగ్లండ్ బ్యాండ్ల పేర్లు చెప్పి ఊరుకునేవాణ్ని. అది అబద్ధం కాదు కానీ పూర్తి నిజమూ కాదు. చెవిన పడేవి వేలల్లో ఉంటాయి. వాటిలో కొన్నింటినే మనం కూర్చుని, ఒకటికి పదిసార్లు తప్పుతూ చేత్తో తీయడానికి ప్రయత్నిస్తాం. చేతిలో మిగిలేవి అవే. నా చేతిలో ఏమేం మిగిలాయో వెతికితే ఆ నాలుగు బ్యాండ్లకంటే ముందు ఇంకో మూడు దొరికాయి. ఆ మూడూ మన దగ్గరివే.

మా బాపు కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్. మేం రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. బాపమ్మది ఐనవోలు దగ్గరి పల్లె. సంక్రాంతి వచ్చిందంటే ఐలోని మల్లన్న జాతరకు పోవాల్సిందే. అక్కడ రాత్రంతా ఒగ్గు కథ నడిచేది. కథకుడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారి గొంతెత్తి పాట అందుకుంటాడు, వెనక వంత పాడేవాళ్లు ఆ చివరి మాట పట్టుకుంటారు, మాట ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ డోలు లేస్తుంది. ఆ లేవడానికి ముందు రెప్పపాటు ఖాళీ ఉంటుంది చూడు, దాని కోసమే నేను నిద్రపోకుండా కూర్చునేవాణ్ని. పదేళ్ల తర్వాత రాక్ పాటలో గాయకుడు ఒక లైన్ పాడి ఆగగానే గిటార్ రిఫ్ వచ్చి పడటం విన్నప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. రిఫ్ చేసే పని అదే. మాట ఆగినచోట కథను ముందుకు లాగుతుంది.

రెండోది డప్పు. బాపమ్మ ఊళ్లో డప్పు కొట్టే తాత ఒకాయన ఉండేవాడు. కొట్టేముందు గడ్డి మంట వేసి డప్పును కాచేవాడు. వేడికి తోలు బిగుసుకుని శ్రుతి పైకెక్కేది. మధ్యలో వేళ్లతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, చాలదనిపిస్తే మళ్లీ కాచేవాడు. ట్యూనింగ్ అంటే ఏంటో నేను మొదట చూసింది అక్కడే. కుడి చేతిలో లావుపాటి సిర్ర, ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర బరువైన దెబ్బ వేస్తుంది, సిటికెన పుల్ల ఆ దెబ్బల మధ్య సందులు నింపుతుంది. నాకు డప్పు ఇవ్వలేదు కాబట్టి ఖాళీ నూనె డబ్బా మీద రెండు పుల్లలతో అదే దరువు రావాలని సెలవులన్నీ కొట్టాను. ఇవాళ నా స్ట్రమ్మింగ్‌లో, అంటే తీగలన్నీ కలిపి మీటడంలో, కిందికి పడే దెబ్బ బరువుగా, పైకి వచ్చే దెబ్బ సన్నగా ఉంటుంది. అది ఏ గిటార్ మాస్టారూ నేర్పింది కాదు.

మూడోది చర్చి. మా వరుసలో నాలుగు క్వార్టర్ల అవతల ఒక రైల్వే గార్డు అంకుల్ ఉండేవారు. ఆదివారం ప్రార్థనలో కాయిర్‌కు, అంటే పాటల బృందానికి, గిటార్ వాయించేవారు. మేం క్రైస్తవులం కాదు. అయినా నేను రోజూ వెళ్లి వాళ్ల గడప దగ్గర కూర్చుంటుంటే, ఒకరోజు గిటార్ నా ఒళ్లో పెట్టారు. అది 1992. నాకు పద్నాలుగేళ్లు. జీ, సీ, డీ అనే మూడు కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) చూపించి, "పాట ఆగొద్దు, చెయ్యి ఆగొద్దు, కార్డు తప్పు పడితే పడనీ" అన్నారు. ఏడాదిన్నర ఆయన పక్కన నిలబడి రిథమ్ మాత్రమే వాయించాను. లీడ్, అంటే ఒక్కో తీగ మీద విడిగా వాయించే సోలో, అన్న మాటే లేదు. ముప్పై మంది పాడుతున్నప్పుడు నువ్వు తడబడితే ముప్పై మందీ తడబడతారు. ఆ భయం నాకు చేసిన మేలు ఇంకేదీ చేయలేదు. నువ్వు ఏడాదిన్నరగా గదిలో ఒక్కడివే వీడియోలతో వాయిస్తున్నానన్నావు. నాకున్న అసలు టెన్షన్ అదే. వీడియో నీ కోసం ఆగుతుంది, వెనక్కి వస్తుంది, నెమ్మదిస్తుంది. మనుషులు ఆగరు.

తర్వాత క్యాసెట్. పక్క బ్లాక్‌లో ఒక అన్న సికింద్రాబాద్ నుంచి కాపీ చేయించి తెచ్చాడు. పైన ఏమీ రాసి లేదు. బ్యాండ్ పేరు తెలియకుండానే ఎనిమిది నెలలు విన్నాను. అది బ్లాక్ సాబత్ అని తర్వాత తెలిసింది. మా టేప్ రికార్డర్ సెల్స్ మీద నడిచేది. సెల్స్ డౌన్ అయ్యేకొద్దీ టేపు మెల్లగా తిరిగి, శ్రుతి కిందికి జారేది. నేను గిటార్‌ను ఆ టేపుకే శ్రుతి చేసుకునేవాణ్ని. ఒక వారం ఒక శ్రుతి, మరో వారం ఇంకొకటి. ఒక్కో రిఫ్‌కు రెండు మూడు వారాలు పట్టేది. కొన్ని పాటలు కొత్త సెల్స్ వేసినా కిందే ఉండేవి. అది టేప్ లోపమే అనుకున్నాను. కాదు, వాళ్లు నిజంగానే స్ట్రింగులు వదులు చేసి వాయించారు.

ఎందుకు వదులు చేశారో తెలిసిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊరివాడు. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుండగా, ఉద్యోగం మానేసే చివరి రోజునే, మెషీన్‌లో పడి కుడి చేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం గిటారిస్టు. అంటే స్ట్రింగులు నొక్కాల్సిన చెయ్యే పోయింది. ఇక వాయించలేనని కూర్చుంటే ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ రికార్డు. 1928లో అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయాక కూడా అంత వేగంగా వాయించిన జాజ్ గిటారిస్టు. అది విని అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించుకున్నాడు, సన్నటి స్ట్రింగులు వేశాడు. మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వచ్చింది. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ నాటికి కొన్ని పాటల్లో మూడు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీల) మేర శ్రుతి దించేశాడు. హెవీ మెటల్ అని మనం పిలుచుకునే ఆ బరువైన శబ్దంలో ఆ వేళ్ల పాత్ర చాలా ఉంది. షెడ్డులో వేలు పోవడం అంటే ఏంటో మా క్వార్టర్స్‌లో అందరికీ తెలుసు. బాపు దోస్తు ఒకాయన ఎడమచేతి చూపుడు వేలు సగమే ఉండేది. అందుకే టోనీ అయోమీ నాకు దూరదేశపు మనిషిలా ఎప్పుడూ అనిపించలేదు.

ఇక "మన సంగీతం కాదు" అనే మాట. దీనికి కోపం తెచ్చుకోకు, నెమ్మదిగా చెప్పు.

రాక్ వెనక్కి నడిస్తే బ్లూస్ వస్తుంది. బ్లూస్ వెనక్కి నడిస్తే అమెరికా దక్షిణ రాష్ట్రాల పొలాల్లో నల్లజాతి కూలీలు పాడుకున్న పని పాటలు వస్తాయి. ఒకరు ఒక లైన్ ఎత్తుకుంటే మిగతావాళ్లు జవాబు ఇచ్చే పాటలు. మడ్డీ వాటర్స్ మిసిసిపీలో పత్తి పొలాల మధ్య పెరిగాడు, అక్కడే పని చేశాడు. 1943లో పని వెతుక్కుంటూ షికాగో వెళ్లాడు. అక్కడి బార్ల గోలలో మామూలు గిటార్ వినిపించక ఎలక్ట్రిక్ పట్టాడు. ఆయన 1950లో పాడిన ఒక పాట నుంచే రోలింగ్ స్టోన్స్ తమ బ్యాండ్ పేరు తీసుకున్నారు. ఇప్పుడు మన వైపు చూడు. సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ రోడ్డు మీద పత్తి బస్తాల బండ్లు ఎంత దూరం ఆగి ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు. మా బాపమ్మ నాటు వేస్తూ, పత్తి ఏరుతూ పాడిన పాటల్లోనూ ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునేవారు. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడేటప్పుడు చుట్టూ తిరిగే ఆడవాళ్లు ఇప్పటికీ అలాగే పాడతారు. ఆ రెండు పాటలూ ఒకటే అని నేను అనను. పుట్టుక వేరు, బాధ వేరు, స్వరాలు వేరు. కానీ ఆ ఎత్తుకోవడం, అందుకోవడం తెలిసిన చెవికి బ్లూస్ పరాయిది కాదు.

ఇంకో మాట చెప్పు వాళ్లకు. వయొలిన్ మన దగ్గర పుట్టలేదు. రెండు వందల ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు లాంటివాళ్లు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఇవాళ అది లేని కచేరీ అరుదు. మన భజనల్లో, పద్యనాటకాల్లో మోగే హార్మోనియం యూరప్ నుంచి వచ్చింది. ఇక మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు. కర్ణాటక సంగీతానికి మాండలిన్ ఏంటని పెద్దలు అన్న రోజుల్లో, చిన్న పిల్లాడిగా ఉండగానే ఎలక్ట్రిక్ మాండలిన్‌కు ఐదు తీగలు వేయించి గమకాలు పలికించాడు. ఆయన రికార్డింగులు ప్రతి గిటారిస్టూ వినాలి. ఫ్రెట్లు ఉన్న వాయిద్యం మీద ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం ఎలాగో అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. నా బెండింగ్ (తీగను పక్కకు లాగి స్వరం పెంచడం) సగం అక్కడిదే.

నీకు వెంటనే పనికొచ్చేవి రెండు చెప్తాను. రాక్‌లో పవర్ కార్డ్ అంటున్నామే, అందులో ఉండేది షడ్జమం (స), పంచమం (ప), పైన మళ్లీ షడ్జమం. మన తంబురాలో సాధారణంగా మోగే స్వరాలు కూడా అవే. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టినప్పుడు గాంధారం (గ) కూడా కలిపితే శబ్దం గజిబిజి అవుతుంది, స-ప మాత్రమే ఉంటే శుభ్రంగా, గట్టిగా నిలబడుతుంది. అందుకే రాక్ గిటారిస్టులు గాంధారం వదిలేస్తారు. అలాగే వీడియోల్లో నీకు మొదట నేర్పే మైనర్ పెంటటానిక్ అనే ఐదు స్వరాల స్కేల్ స్వరాలు మన శుద్ధ ధన్యాసి రాగానివి. మేజర్ పెంటటానిక్ అయితే మోహన. స్వరాలు ఒకటైనంత మాత్రాన అది రాగం అయిపోదు, నడక వేరు. కానీ శుద్ధ ధన్యాసి కీర్తన ఒకటి పెట్టుకుని వారం రోజులు గొంతుతో పాడుకో. తర్వాత గిటార్ పట్టు. నీ సోలోలు మెట్లు ఎక్కి దిగినట్టు ఉండటం మానేసి మనిషి మాట్లాడినట్టు ఉంటాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలతో ముందు పాడిస్తాను. సిగ్గుపడేవాళ్లు నెలలోనే తేడా చెప్తారు.

నా దారి మిగతాది క్లుప్తంగా చెప్తాను. డిగ్రీలో ఉండగా పెళ్లి ఆర్కెస్ట్రాలో చేరాను. గణేశ్ నవరాత్రులు, రిసెప్షన్లు, ఊరి జాతరలు. రాత్రంతా సినిమా పాటలు వాయిస్తే 150 రూపాయలు. గాయని "రెండు స్కేల్ దించన్నా" అంటే పాట మొదలయ్యేలోగా మనసులోనే కార్డులన్నీ మార్చుకోవాలి. ఇప్పుడు రాక్ అభిమానులు చాలామంది ఆర్కెస్ట్రాను చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. కరెంటు పోయినా, మైకు కూసినా, జనం అరిచినా పాట నడిపించడం అక్కడ నేర్చుకున్నాను. మొదటి ఎలక్ట్రిక్ గిటార్ ఆ డబ్బులతోనే హైదరాబాద్‌లో కొన్నాను. తీరా తెచ్చాక నెక్ వంగి ఉందని తెలిసింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ ఎంత ఎత్తుందంటే వేళ్లు కోసుకుపోయేవి. షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. నువ్వు కొనేటప్పుడు గిటార్‌ను కంటి ముందు పెట్టుకుని, హెడ్ వైపు నుంచి బాడీ దాకా నెక్ తిన్నగా ఉందో లేదో చూడు. ప్రతి స్ట్రింగ్‌నూ పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి, అదే చోట హార్మోనిక్‌తో (నొక్కకుండా తీగను వేలితో తాకి మీటితే వచ్చే స్వరంతో) పోల్చి విను. రెండూ ఒకే స్వరం పలకాలి.

వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీని అప్పట్లో ఆర్‌ఈసీ అనేవాళ్లం, 2002 నుంచి ఎన్‌ఐటీ. వాళ్ల వసంత ఉత్సవాల్లో కాలేజీ బ్యాండ్లు పోటీపడేవి. గేటు దగ్గర బతిమాలుకుని లోపలికి వెళ్లేవాణ్ని. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్ కలిసి ఎదురుగా మోగితే ఛాతీ అదరడం మొదటిసారి తెలిసింది అక్కడే. ఆ రాత్రి కాజీపేట దాకా నడిచే వచ్చాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు. మరుసటి ఏడాది అక్కడి ఇద్దరు హాస్టల్ కుర్రాళ్లు, మా ఆర్కెస్ట్రా డ్రమ్మర్, నేను కలిసి బ్యాండ్ కట్టాం. నాలుగేళ్లు నడిచింది. తర్వాత హైదరాబాద్‌లో పదకొండేళ్లు స్టూడియోలకు, బ్యాండ్లకు వాయించాను. బాపు రిటైరయ్యాక తిరిగొచ్చి ఇక్కడే పాఠాలు చెప్తున్నాను.

హైదరాబాద్ వెళ్లాలా అన్నావు. చదువు మధ్యలో ఆపి మాత్రం వెళ్లకు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 130 కిలోమీటర్ల చిల్లర, పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటావు. నెలకోసారి వెళ్లి లైవ్ షోలు చూడు, అక్కడి వాళ్లతో కలిసి అప్పటికప్పుడు వాయించు. కానీ నీకు ముందు కావాల్సింది డ్రమ్మర్, వాడు ఇక్కడే ఉన్నాడు. చర్చి కాయిర్లలో చూడు, ఆర్కెస్ట్రాల్లో, బ్యాండు మేళాల్లో చూడు. నేను చూసిన గొప్ప డ్రమ్మర్లలో ఇద్దరు డప్పుతో మొదలుపెట్టినవాళ్లే. వాళ్లకు రాక్ తెలియకపోవచ్చు. ఒక నెల వినిపించు చాలు. ఒక్క రాక్‌తోనే ఇల్లు గడవడం ఇప్పటికీ కష్టం. నాకు తెలిసినవాళ్లంతా పాఠాలు, రికార్డింగులు, సినిమా పాటల షోలు కలిపే బతుకుతున్నారు. నేనూ అంతే.

ఒక విషయంలో మాత్రం నన్ను చూసి జాగ్రత్తపడు. బ్యాండ్ రోజుల్లో చిన్న రేకుల గదిలో ప్రాక్టీస్ చేసేవాళ్లం. నేను ఎప్పుడూ డ్రమ్మర్ సింబల్ పక్కనే నిలబడేవాణ్ని. నా ఎడమ చెవిలో ఇరవై ఏళ్లుగా సన్నటి కూత ఆగకుండా వినిపిస్తుంది. అది తగ్గదని డాక్టర్లు చెప్పేశారు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగం అవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. మూసిన గదిలో డ్రమ్స్, ఆంప్ కలిస్తే 100 దాటడం పెద్ద విషయం కాదు. ఇయర్ ప్లగ్స్ పెట్టుకో. మొదటి ప్రాక్టీస్ నుంచే పెట్టుకో. ఈ ఒక్కటి నా మాట విను.

ఇక నీ రిఫ్. టోన్‌లో గెయిన్ (ఆంప్‌లో గరగర పెంచే నాబ్) ఎక్కువైంది, సగానికి తగ్గించు. అప్పుడు నీ పిక్ దెబ్బలు వినిపిస్తాయి. మొదటి రెండు బార్లు (తాళం ఆవర్తాలు) ఎక్కడో విన్నట్టున్నాయి, ఎవరి వీడియో నుంచి వచ్చాయో నీకే తెలుస్తుంది. కానీ మూడో బార్‌లో ఏదో జరిగింది. నువ్వు రాసుకున్నది నాలుగు బీట్ల లెక్క, వెనక పెట్టుకున్న మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) కూడా నాలుగే కొడుతోంది. నీ చెయ్యి మాత్రం ఒక్కో బీట్‌ను మూడుగా చీల్చింది, బరువైన దెబ్బ వేసి, వెనక రెండు సన్నటి దెబ్బలు. నాలుగో బార్‌లో తప్పు చేశాననుకుని మళ్లీ సర్దుకున్నావు. అది తప్పు కాదు తమ్ముడూ, అది తీన్మార్ నడక. పెళ్లి బారాతుల్లో చిన్నప్పటినుంచీ నువ్వు ఎగిరిన దరువే. మొదటి రెండు బార్లు తీసేసి, ఆ మూడో బార్‌తో మొదలుపెట్టు. మెట్రోనోమ్ 70 దగ్గర పెట్టి, స్ట్రింగులు అరచేత్తో మూసి, ముందు దరువు మాత్రమే పది నిమిషాలు వాయించు. కుదిరాక స్వరాలు కలుపు. రికార్డు చేసి మళ్లీ పంపు, ఈసారి కాలితో తాళం వేస్తూ వాయించు, కాలి చప్పుడు కూడా నాకు వినిపించాలి.